నిలిచిన బండికే తుప్పు

తిరిగే బండికన్నా నిలిచిన బండికే చేటెక్కువ! ఇంగ్లండులో ఏళ్ల తరబడి షెడ్డులో మూలపడ్డ మోరిస్ మైనర్ కారును బాగుచేసేవారికి ముందుగా బోధపడే సత్యమిదే. మన అంబాసిడర్‌కు మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు ఇది తోబుట్టువు. అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించగా 1948లో వెలువడిన ఈ చిన్నకారు, బ్రిటన్‌లో 10 లక్షల మైలురాయి దాటిన తొలి కారుగా పేరుపొందింది.

కప్పి దాచితే కారు క్షేమమనుకుంటాం. కాని లోపల జరిగేది వేరు. పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్ సన్నదారులను మూసేస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మను పీల్చుకొని సిలిండర్లను తినేస్తుంది. రబ్బరు పగులుతుంది, పిస్టన్లు పట్టేస్తాయి.

షెడ్డు తెరవగానే తాళం తిప్పి ఇంజిన్ మోత వినాలన్న ఆత్రుత మనకు సహజం. ఆ ఆత్రుతే ఇంజిన్‌కు చేటు. అనుభవమున్న మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు విప్పి, ప్రతి సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి, కొన్నాళ్లు ఓపికపడతాడు. ఆ తరువాతే హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూస్తాడు. పాత పెట్రోలు, ఆయిల్ తీసేస్తాడు. ఇంజిన్ పలికినా, బ్రేకులు పూర్తిగా బాగుపడేదాకా కారును గేటు దాటనివ్వడు. కదలడం కన్నా ఆగగలగడం ముఖ్యం కదా!

అసలు పరీక్ష కారు అడుగున ఉంది. మైనర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే భారమంతా మోస్తుంది. తలుపుల కింద పెట్టెలా ఉండే అంచులు లోపలినుండే తుప్పుపడతాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సర్రున దిగిపోతుంది. తుప్పుమీద రేకు అతికించి రంగు పూస్తే చూసేవారిని నమ్మించవచ్చు, ప్రమాదంలో లోపలున్నవారిని మాత్రం కాపాడలేం. అందుకే గట్టి ఇనుము తగిలేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. కోసేటప్పుడు బాడీ వంగకుండా తలుపుల ఖాళీల్లో అడ్డంగా కడ్డీలు బిగించాలి. ముందు చక్రాల దగ్గరి ట్రనియన్లనూ చూడాలి. గ్రీజు అందక అవి అరిగిపోతే నడుస్తుండగానే చక్రం కూలబడుతుంది. సంతోషమేమిటంటే, చాలా విడిభాగాలు బ్రిటన్‌లో నేటికీ కొత్తవే దొరుకుతాయి. రంగు అన్నిటికన్నా చివరి పని.

తుప్పుపట్టే సంపదను గూర్చి యేసుప్రభువు కొండమీది ప్రసంగంలో హెచ్చరించాడు. వాడకుండా దాచుకున్న కారే ఆ మాటకు సాక్ష్యం. మన ఇళ్లలోనూ నాన్నగారి అంబాసిడరో, పాత స్కూటరో గోనెపట్టా కింద ఉండవచ్చు. ప్రేమతోనే దాచి ఉంటాం. కాని బాగుచేసి మళ్లీ కప్పిపెడితే పడ్డ శ్రమంతా వృథా. అప్పుడప్పుడైనా రోడ్డెక్కిద్దాం, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని తిరిగొద్దాం. బండిని కాపాడేది ముసుగు కాదు, వాడకమే!