మంచుకొండకు మన పద్దుల పుస్తకం



"పిన్నీ, నలుగురం కలిసి మంచుమీద జారే ఆట నేర్చుకోవడానికి విదేశం వెళ్తున్నాం" అని మా అక్క కూతురు ఫోన్ చేస్తే, వాళ్ళకంటే ముందు నా గుండె జారింది. నలుగురివీ కొత్త ఉద్యోగాలు, చేతిలో సొమ్ము అంతంత మాత్రం. పైగా టూరు కంపెనీతో పని లేదట, అన్నీ తామే చూసుకుంటారట! "డబ్బు లేనప్పుడు ఈ షోకులెందుకే?" అన్నాను. తిరిగొచ్చాక అది తన పద్దుల పుస్తకం నా ముందు పెట్టింది. చూసి నోరు మూసుకున్నాను. ఒక్క పేజీ తప్ప అంతా భేషుగ్గా ఉంది. ఆ పేజీ సంగతి చివర చెబుతాను. రేపు మీ ఇంట్లో పిల్లలూ ఇలాంటి కబురే తేవచ్చు. లేదా మీకే వెళ్ళాలనిపించవచ్చు. ఎందుకనిపించకూడదు?

ముందు ఆటేమిటో చూద్దాం. స్కీయింగులో రెండు కాళ్ళకీ రెండు పొడవాటి బద్దలుంటాయి. స్నోబోర్డు అలా కాదు, ఒకటే పలక. రెండు పాదాలూ దానిమీద అడ్డంగా బిగించుకుని, పక్కకు తిరిగి నిలబడి జారాలి. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు, క్రిస్మస్ నాడు తన ఆడపిల్లల కాలక్షేపానికని రెండు స్కీ బద్దలు కలిపి బిగించాడు. ఆయన భార్య నాన్సీ దానికి 'స్నర్ఫర్' అని పేరు పెట్టింది. ఆడపిల్లల కోసం పుట్టి, ఇల్లాలి చేత పేరు పెట్టించుకున్న ఆ పలకే రూపం మార్చుకుంటూ 1998లో నగానో ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

మరి ఎక్కడికి వెళ్ళాలి? స్విట్జర్లాండ్ అనగానే మన పర్సు మూతపడుతుంది. వీళ్ళు ఎంచుకున్నది కజకిస్తాన్‌లోని అల్మాటీ. ఢిల్లీలో విమానం ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. 2022 నుంచి మనవాళ్ళు 14 రోజుల వరకూ వీసా లేకుండా ఉండి రావచ్చు కనుక ఆ ఖర్చూ లేదు. మన తెలుగు పిల్లలు కొందరు అక్కడ మెడిసిన్ కూడా చదువుతున్నారు.

ఆ ఊరికి ఆనుకునే కొండలున్నాయి. ఊళ్ళో 12వ నంబరు సిటీబస్సు ఎక్కితే 1,691 మీటర్ల ఎత్తున ఉన్న మెదేవు దాకా తీసుకెళ్తుంది. అక్కడ పెద్ద స్కేటింగు మైదానం ఉంది. అక్కణ్ణించి రోప్‌వే నాలుగున్నర కిలోమీటర్లు పైకి మోసుకెళ్ళి, 2,260 మీటర్ల ఎత్తున షింబులాక్‌లో దింపుతుంది. జారేది అక్కడే. ఇంకా పైకి, సుమారు 3,200 మీటర్ల దాకా లిఫ్టులున్నాయి గానీ, కొత్తవాళ్ళకి వాటితో పనిలేదు. మొదటి రెండు రోజులూ కింద ఉన్న చిన్న వాలు చాలు. పై లిఫ్టుల టిక్కెట్టు కొంటే డబ్బు దండగ.

సిటీబస్సు ఉంది గనుక కొండమీది హోటలు అక్కర్లేదు. వీళ్ళు ఊళ్ళోనే వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకుని నలుగురూ పంచుకున్నారు. బియ్యం, రవ్వ, పప్పు, పచ్చడి ఇక్కణ్ణించే పట్టుకెళ్ళారు. పొద్దున్నే ఉప్మా తిని, ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరేవారట. కొండమీద ఏది కొన్నా కొండంత ధరే కదా!

రోజులు ఎంచుకోవడంలోనూ మిగులుంది. అక్కడ డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా మంచు ఉంటుంది. అయితే జనవరి మొదటి వారంలో కొత్త సంవత్సరం సెలవుల రద్దీ, మార్చి 21 నుంచి నౌరిజ్ పండుగ రద్దీ. ఈ రెండూ తప్పించి, శని ఆదివారాలు కాకుండా చూసుకుంటే జేబుకీ, ప్రాణానికీ హాయి.

బట్టల విషయం మనకు బాగా తెలిసిందే. పెళ్ళికని కొన్న పట్టుచీర అయితే మళ్ళీ కడతాం, మంచుకోటు హైదరాబాదులో ఎక్కడ వేసుకుంటాం? కోటు, ప్యాంటు, బూట్లు, పలక అన్నీ అద్దెకు దొరుకుతాయి. బూటులో వేళ్ళు కదలాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. లోపల వేసుకునేవి మాత్రం సొంతవి ఉండాలి. నూలు బట్టలు వద్దు. అవి చెమట పీల్చి తడిసిపోతే చలి ఒంటికి పడుతుంది. ఉన్నిగానీ, సింథటిక్‌గానీ మేలు.

ఇక కోత పెట్టకూడని పద్దులు. మొదటిది, నేర్పే మనిషి. మొదటిరోజు కనీసం రెండు గంటలైనా గురువు దగ్గర నేర్చుకోవాలి. ఆయన ముందుగా నేర్పేది పడడం. ముందుకు పడితే పిడికిళ్ళు బిగించి మోకాళ్ళమీదా ముంజేతులమీదా ఆగాలి. వెనక్కి పడితే చేతులు ముడుచుకుని కూలబడాలి. అరచెయ్యి చాపి ఆన్చామో, మణికట్టు విరగవచ్చు. స్నోబోర్డు కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎక్కువగా తగిలే దెబ్బ అదే. అందుకే రెండోది, తలకు హెల్మెట్టు, మణికట్లకు కవచాలు. మూడోది, కళ్ళజోడూ, ముఖానికి క్రీమూ. కొత్త మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో నూటికి 80 వంతుల దాకా తిప్పికొడుతుంది, చలిలో మనకా సంగతి తెలియదు. నాలుగోది, ఇన్సూరెన్సు.

ఇప్పుడు ఆ పేజీ సంగతి. కవచాల అద్దె దండగనుకున్నారు. ఇన్సూరెన్సు అన్నిటికంటే చవకది తీసుకున్నారు, చదవకుండానే. రెండోరోజు మధ్యాహ్నం ఒకమ్మాయి వెనక్కి పడి చెయ్యి ఆన్చింది. మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో కట్టు వేయించాక పాలసీ కాగితం తిరగేస్తే, మంచు ఆటల్లో తగిలిన దెబ్బలు లెక్కలోకి రావని సన్న అక్షరాల్లో ఉంది! నలుగురూ తలా కాస్తా వేసుకుని బిల్లు కట్టారు. వారం రోజులు ఉప్మా తిని మిగిల్చినదంతా ఒక్క పూటలో హరించుకుపోయింది. పాలసీ తీసుకునేటప్పుడు శీతాకాల క్రీడలు చేరాయా లేదా అని అడిగి, కాగితం మీద చూసుకోవాలి. చేరకపోతే కొంచెం అదనంగా కట్టి చేర్పించుకోవాలి.

పొదుపు వేరు, పిసినారితనం వేరు. ఈ తేడా ఇల్లు నడిపే మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పండక్కి కొత్త చీర మానేస్తాం గానీ, పిల్లాడి మందు మానేస్తామా? పిల్లలు ప్రయాణం లెక్క రాసేటప్పుడు మనం వద్దనడం కంటే, పక్కన కూర్చుని ఆ పేజీ ఒక్కటీ సరిచూస్తే చాలు.

అన్నట్టు, ఆ అమ్మాయి చెయ్యి నయమైంది. మళ్ళీ వెళ్ళడానికి డబ్బు కూడబెడుతోందట. ఈసారి పుస్తకంలో మొదటి పద్దు ఇన్సూరెన్సు, రెండోది మణికట్టు కవచాలు. ఉప్మా రవ్వ మూడోది.

సెలవు.