విమానం వద్దన్నారు సరే, ఓడ ఎక్కవచ్చా?

తెల్లవారుజామున ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ ముందు నడకకు వచ్చే పెద్దవాళ్ళ మాటల్లో రెండు సంగతులు తప్పకుండా వస్తాయి. ఒకటి మోకాళ్ళ నొప్పులు. రెండోది అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు. తార్నాకలో ఉండే ఒక రిటైర్డు మాస్టారు ఈ రెండూ కలిపి ఓ ప్రశ్న అడిగారు. "నా ఊపిరితిత్తులకి విమానం పడదన్నారు డాక్టరు గారు. మరి ఓడలో వెళ్ళొచ్చా? మా ఆవిడ సముద్రం చూసి ఇరవై ఏళ్ళయింది."

మంచి ప్రశ్నే. కానీ దానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీకు విమానం ఎందుకు వద్దన్నారు? దానికి వచ్చే జవాబును బట్టే ఓడ సంగతి తేలుతుంది.

విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్న గాలిలా ఉంటుంది. ఆరోగ్యవంతులకు తేడా తెలియదు. ఆయాసం జబ్బు ముదిరినవారికి, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారికి రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఇంట్లోనే చేసుకోదగిన ఒక చిన్న పరీక్ష ఉంది. పన్నెండు మెట్లు ఆగకుండా ఎక్కి, పైకి వెళ్ళాక మామూలుగా మాట్లాడగలరా? ఆర్ట్స్ కాలేజీ మెట్లు సగం ఎక్కేసరికే రొప్పు వస్తే విమానం గురించి డాక్టరును అడగకుండా టికెట్టు కొనకండి. ఇలాంటివారికి సముద్ర మట్టాన సాగే ఓడ నిజంగానే మేలు. మాస్టారు ఈ కోవలోకే వస్తారు.

కాళ్ళలో రక్తం గడ్డ కడుతుందన్న భయంతో విమానం మానేసేవారి సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, నాలుగు గంటలు అంతకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే గడ్డ కట్టే ప్రమాదం సుమారు రెట్టింపు అవుతుంది. అది విమానమైనా, రైలైనా, బస్సైనా, కారైనా ఒకటే. మన హైదరాబాదుకు సముద్రం లేదు కదా. ఓడ ఎక్కాలన్నా ముందు ఏడు వందల కిలోమీటర్ల దాకా రైల్లో వెళ్ళాలి. సికింద్రాబాద్ నుంచి విశాఖకు 2023 జనవరిలో మొదలైన వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది గానీ, అంతసేపూ కుర్చీలో కూర్చోవడమే. గంటంపావు విమానానికి భయపడి ఎనిమిదిన్నర గంటలు కాళ్ళు వేలాడేసి కూర్చుంటే లాభమేమిటి? రాత్రి బండిలో కింది బెర్తు తీసుకుని కాళ్ళు చాపుకుని పడుకోండి. వృద్ధులకిచ్చే టికెట్టు రాయితీని రైల్వే 2020 మార్చిలో ఆపేసింది గానీ, అరవై దాటిన మగవారికి, నలభై అయిదు దాటిన ఆడవారికి కింది బెర్తు కోటా ఉంది. బుక్ చేసేవారితో ఆ మాట గట్టిగా చెప్పండి.

ఇక రేవుల సంగతి. గోల్కొండ సుల్తానుల కాలంలో మనకు దగ్గరి రేవు బందరు. మన తాతల నాటికి విశాఖ, కాకినాడల నుంచి ఓడెక్కి 'రంగం' వెళ్ళడం మామూలు మాట. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వేలాదిమంది తెలుగువాళ్ళు అలా రంగూన్ చేరినవాళ్ళే. ఇప్పుడు మనకు అందుబాటులో ఉన్న విహార నౌకల రేవులు విశాఖ, చెన్నై, ముంబై. విశాఖలో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అంతకు ముందే, 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి 'ఎంప్రెస్' నౌక విశాఖ నుంచి బయలుదేరింది. 2025లోనూ జూన్ చివర, జూలైలో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల మీదుగా తిరిగింది.

ఆ నెలలే ఎందుకంటే, నైరుతి రుతుపవనాల్లో ముంబై వైపు సముద్రం బాగా పోటెత్తి ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో నౌక మన తూర్పు తీరానికి వస్తుంది, వానలు తగ్గాక మళ్ళీ ముంబై వెళ్ళిపోతుంది. కాబట్టి ఏడాది పొడుగునా విశాఖలో ఓడ ఉంటుందనుకోకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. ఆ నెలల్లో చేతిలో డబ్బు, మందులు రెండూ రెండు మూడు రోజులకు అదనంగా ఉంచుకోవాలి.

ఒక మెలిక చెప్పాలి. పుదుచ్చేరిలో పెద్ద ఓడ గట్టుకు ఆనుకోలేదు. దూరంగా లంగరు వేస్తే చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు వెళ్ళాలి. ఓడకు, పడవకు మధ్య ఆ అడుగు ఊగుతూ ఉంటుంది. మోకాలు మార్పిడి అయినవారు, తల తిరిగేవారు ఆ రోజు ఓడలోనే ఉండిపోతే నష్టమేమీ లేదు. టికెట్టు కొనేటప్పుడే "ఎక్కడెక్కడ గట్టు ఉంది, ఎక్కడ పడవ?" అని అడగండి.

అండమాన్‌కు ప్రభుత్వ ఓడలు కూడా ఉన్నాయి. చెన్నై నుంచి తరచుగా, విశాఖ నుంచి అరుదుగా నడుస్తాయి. ఇవి విహార నౌకలు కావు, అక్కడి జనం రాకపోకలకు నడిపేవి. మధ్యలో రేవు లేకుండా రెండు, మూడు రోజులు నడిసముద్రంలో ఉంటారు. అసలు కష్టం ఇదే. ఓడలో డాక్టరు ఉంటారు, చిన్న వైద్యశాల ఉంటుంది. కానీ గుండెకు స్టెంటు వేయాల్సి వచ్చినా, పక్షవాతం వచ్చి మెదడు స్కానింగు కావాల్సి వచ్చినా నేలను చేరాల్సిందే. తార్నాకలో పావుగంటలో ఆస్పత్రికి చేరే అలవాటున్న మనకు ఇది తేలిగ్గా తట్టదు. గత ఆరు నెలల్లో గుండెపోటు గానీ, పక్షవాతం గానీ వచ్చినవారు అండమాన్ ఓడ సంగతి డాక్టరుతో మాట్లాడేదాకా పక్కన పెట్టాలి. తీరం వెంట సాగే మూడు నాలుగు రోజుల ప్రయాణం వారికి కాస్త నయం.

సముద్రపు వికారానికి చాలామంది మందుల షాపులో సిన్నరిజిన్ కొనుక్కుంటారు. పెద్దవయసులో అది కొందరికి చేతులు వణకడం, నడక మందగించడం వంటి పార్కిన్సన్ లక్షణాలు తెస్తుంది. ప్రోమెథాజిన్ లాంటివి మగత తెస్తాయి, ప్రోస్టేటు వాపు ఉన్నవారికి మూత్రం ఆగిపోవచ్చు, కొన్ని రకాల గ్లకోమా ఉన్నవారికీ మంచివి కావు. నిజానికి వయసు మళ్ళినవారికి వికారం కుర్రవాళ్ళకన్నా తక్కువే. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది తీసుకుని, తిప్పినప్పుడు బయటికి వచ్చి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడండి. చాలామందికి అది చాలు.

ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపించడానికి ఎక్కువగా నోరోవైరస్ కారణం. చేతులకు రాసుకునే శానిటైజర్ దానికి సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్ళే కావాలి. షుగరు ఉన్నవారికి బఫే భోజనం ఇంకో పరీక్ష. మందులన్నీ చేతి సంచిలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. ఇంట్లో ఆక్సిజన్ వాడేవారు ఆ సంగతి నౌక సంస్థకు ముందే రాసి, వారి జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. మీ ఆరోగ్య బీమా ఓడలో జరిగే వైద్యానికి వర్తిస్తుందో లేదో కూడా అడగండి.

మాస్టారు ఇంకొకటి అడిగారు. "అమెరికాకే ఓడ ఉంటే ఎంత బాగుండు!" మన రేవుల నుంచి అమెరికాకు మామూలు ప్రయాణికుల ఓడలు లేవు. ప్రపంచమంతా చుట్టే విహార నౌకలు ఎప్పుడైనా ముంబైకో, కొచ్చికో వస్తాయి. అవి నెలల తరబడి సాగేవి, ఖర్చూ ఆ లెక్కనే. ఈ మాట చెబితే ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత భార్యే అందుకున్నారు: "మనం వెళ్ళలేకపోతే అమ్మాయినే రమ్మందాం. పిల్లలకి సెలవులు కూడా జూన్, జూలైలోనే కదా. అందరం విశాఖలో ఎక్కుదాం."

ఆ వారమే వాళ్ళిద్దరూ డాక్టరును కలిశారు. ఆయన ఊపిరి పరీక్ష చేసి, ఇన్‌హేలరు ఒకటి మార్చి, ఫ్లూ టీకా వేయించారు. నౌక తేదీలు ప్రకటించగానే తండ్రికి చెప్పే పని కూతురు తీసుకుంది. లిఫ్టు పక్కన, బాత్రూము గడప ఎత్తుగా లేని గది కావాలని మాస్టారు ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించారు. దాని కిందే ఆవిడ ఇంకో వరస రాశారు: "కిటికీ ఉండాలి."