పది చక్రాల తలుపు

అమెరికాలో తెలుగువాళ్ల ఇంటికి ముందు గుమ్మం ఉంటుంది, దానికి తోరణమూ ఉంటుంది. ఇంట్లోవాళ్ల రాకపోకలు మాత్రం గరాజ్ లోంచే. డాలస్ పక్కన ఫ్రిస్కోలో అయినా, న్యూజెర్సీ ఎడిసన్‌లో అయినా ఇదే వరస. చెప్పుల స్టాండు అక్కడే, సోనామసూరి బస్తాలూ అక్కడే. పొద్దున ఆఫీసుకు, తర్వాత బడికి, సాయంత్రం కూచిపూడి క్లాసుకు... ఆ తలుపు లేస్తూ దిగుతూనే ఉంటుంది. రోజుకు నాలుగుసార్లే అనుకున్నా ఏడాదికి 1,460 సార్లు. పోనీ తేలికపాటిదా అంటే, రెండు కార్లు పట్టే పదహారడుగుల స్టీలు తలుపు 60 కిలోలకు పైనే తూగుతుంది.

మన ఊళ్లలో కొట్టు షట్టర్ పైనున్న గొట్టానికి చాపలా చుట్టుకుంటుంది. అమెరికా గరాజ్ తలుపు అలా కాదు. అడ్డంగా నాలుగైదు పలకలు, వాటి మధ్య మడతబందులు, రెండు అంచులకూ చిన్న చక్రాలు. బటన్ నొక్కితే ఆ చక్రాలు పక్కనున్న ట్రాకులో పాకి, పైన వంపు తిరిగి, తలుపును సీలింగ్ కింద పడుకోబెడతాయి. ఇలా పైకి లేచే తలుపును సి.జి. జాన్సన్ 1921లో తెచ్చాడు. 1926లో దానికి మోటారు జోడించాడు. ఏడడుగుల ఎత్తున్న నాలుగు పలకల తలుపుకు చక్రాలు పది, అయిదు పలకలదైతే పన్నెండు. రోలర్లంటే ఇవే.

తలుపు బరువంతా రోలర్లే మోస్తాయని చాలామంది అనుకుంటారు. ఆ బరువు మోసేది పైనున్న స్ప్రింగు. తలుపు దారి తప్పకుండా, ఒరగకుండా నడిపించడమే రోలర్ల పని. వాటిలో ఒకటి అరిగి ఊగడం మొదలైతే తలుపు ఓ పక్కకు లాగుతుంది, ట్రాకును ఒరుసుకుంటుంది, మోటారు మీద భారం పెరుగుతుంది. పాడైంది చిన్న చక్రమే అయినా చివరికి మార్చాల్సి వచ్చేది మోటారు కావచ్చు.

కొత్త ఇళ్లలో ఖర్చు తగ్గించుకోవడానికి బిల్డర్లు తరచు బేరింగ్ లేని ప్లాస్టిక్ రోలర్లు బిగిస్తారు. చక్రం నేరుగా ఇనుప కడ్డీ మీదే తిరుగుతుంది. కొన్నాళ్లకు మధ్యలోని బెజ్జం సాగి, చక్రం తలాడిస్తుంది. ఇంకొంచెం మెరుగైనవి స్టీలు రోలర్లు. వీటి బేరింగులో సాధారణంగా పది గుండ్లుంటాయి. గట్టివే, కానీ ఇనుము ఇనుము మీద దొర్లుతుంది కాబట్టి మోత ఎక్కువ. పైగా బేరింగుకు మూత ఉండదు. దుమ్ము చేరుతుంది, వేసిన గ్రీజు ఎండిపోతుంది. గరాజ్ మీద పడకగది ఉన్న ఇళ్లలో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ గదే ఇస్తే, తెల్లవారుజామున ఎవరు బయల్దేరినా వాళ్లకు మెలకువ వచ్చేస్తుంది.

అందుకే ఇప్పుడందరూ నైలాన్ రోలర్లు కొనమంటున్నారు. మంచి మాటే, కానీ అది సగం మాటే. నైలాన్ అనేది పైన తొడుగు మాత్రమే. చప్పుడు తగ్గించడం దాని పని. మన్నిక తేలేది లోపల బేరింగులో. ప్యాకెట్ల మీద పదకొండు గుండ్లు, పదమూడు గుండ్లు అని రాస్తారు. గుండ్లు ఎక్కువైతే ఒక్కోదాని మీద పడే భారం తగ్గుతుంది, నిజమే. అయితే అన్నిటికన్నా మేలైనది 6200 నంబరు బేరింగ్ పొదిగిన రోలర్. ఇందులో గుండ్ల సంఖ్య తక్కువే. కానీ గుండ్లు పెద్దవి, అవి తిరిగే గాడి గట్టిపరచిన ఉక్కు. మన సీలింగ్ ఫ్యాన్లలో ఉండే 6201, 6202 ఈ కుటుంబంలోవే. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా తిరిగే ఫ్యాన్‌ను చూసినవాళ్లకు దీని సత్తా విడమరచి చెప్పక్కర్లేదు. నంబరు పక్కన జడ్‌జడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూత, 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత. మామూలు రోలర్లు పదివేల సార్లు, మేలిరకం నైలాన్‌వి లక్షసార్లు తిరుగుతాయని తయారీదారులు చెబుతారు. రోజుకు నాలుగుసార్ల లెక్కన పదివేలు ఏడేళ్లలోపే అయిపోతాయి.

కొనేముందు పాత రోలర్ ఒకటి కొలుచుకోవాలి. ఇళ్ల తలుపులకు ఎక్కువగా రెండంగుళాల చక్రం, అంగుళంలో పదహారింట ఏడు వంతుల మందం కడ్డీ ఉంటాయి. కడ్డీ పొడవు సుమారు నాలుగంగుళాలా, ఏడంగుళాలా అన్నది మడతబందును బట్టి మారుతుంది. రోలర్లు విప్పేటప్పుడు మడతబందుల మీద అచ్చొత్తిన 1, 2, 3 అంకెలు కనిపిస్తాయి. ఆ వరస కింది నుంచి పైకి. ట్రాకు పైకి వెళ్లేకొద్దీ గోడకు కాస్త దూరంగా జరుగుతుంది. అందుకు తగ్గట్టు ఒక్కో మడతబందులో కడ్డీ దూర్చే గొట్టం ఒక్కో ఎత్తున ఉంటుంది. మూసినప్పుడు తలుపు చట్రానికి గట్టిగా ఆనుకోవడం, లేవగానే ఒరుసుకోకుండా వదిలేయడం ఈ ఏర్పాటు వల్లే. విప్పిన మడతబందును వేరేచోట బిగిస్తే కొత్త రోలర్ కూడా బిగుసుకుపోతుంది. ఒకటి మార్చాకే ఇంకొకటి విప్పాలి. అంతకంటే ముందు తలుపు మూసి, మోటారు ప్లగ్గు తీసేయాలి.

అట్టడుగున ఉన్న రెండు రోలర్లను మాత్రం ఇంట్లోవాళ్లు ముట్టుకోకూడదు. అవి ఉండే బ్రాకెట్లకే స్ప్రింగు లాగి పట్టిన ఉక్కు తీగ తగిలించి ఉంటుంది. దాని బోల్టు వదులు చేస్తే బ్రాకెట్ తూటాలా దూసుకొస్తుంది. చేతులు పోగొట్టుకునే ప్రమాదం. ఆ రెండింటికీ మెకానిక్‌నే పిలవాలి.

ఊరిని బట్టి ఎంపిక మారుతుంది. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి మంచు రాష్ట్రాల్లో రోడ్డు మీద చల్లిన ఉప్పు కారుతో పాటు గరాజ్‌లోకి వస్తుంది. మామూలు స్టీలు అక్కడ తొందరగా తుప్పు పడుతుంది. గట్టి చలికి నాసిరకం ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. సముద్రతీరపు ఇళ్లకు స్టెయిన్‌లెస్ కడ్డీ ఉన్నవి మేలు.

మూత లేని స్టీలు బేరింగులకు ఆరు నెలలకోసారి సిలికాన్ లేదా లిథియం గ్రీజు స్ప్రే కొట్టాలి. ట్రాకుకు మాత్రం పూయొద్దు. దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రోలర్లు మార్చినా తలుపు భారంగానే లేస్తోందంటే తప్పు వాటిది కాకపోవచ్చు. తలుపు మూసి ఉండగా మోటారు నుంచి వేలాడే ఎర్రతాడు లాగి, చేత్తో సగం దాకా ఎత్తి, చేయి పూర్తిగా తీయకుండా పట్టు సడలించి చూడాలి. అక్కడే నిలిస్తే స్ప్రింగు బాగున్నట్టు. కిందికి జారిపోతుంటే మెకానిక్‌తో ముందు బాగుచేయించాల్సింది స్ప్రింగునే.