సెకనుకు వెయ్యి పిలుపులు

బ్యాంకుకో, ఆసుపత్రికో ఫోన్ చేస్తాం. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అంటుంది అవతలి గొంతు. ఒకటి నొక్కగానే ఆ లైన్ మీద 697 హెర్ట్జ్, 1209 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిసి మోగుతాయి. ప్రతి అంకెకూ ఇలాంటి జంట ఒకటుంది. ఈ జంటను వినేది కొన్నిచోట్ల లినక్స్ నడిచే మామూలు కంప్యూటరే. దాని పీసీఐ స్లాట్‌లో ఒక కార్డు, ఆ కార్డుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన కేబుల్ ఉంటాయి. స్వరం ముందు కార్డుకు చేరాలి. అక్కడి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నేరుగా తాకే భాగమైన కెర్నల్‌కు, కెర్నల్ నుంచి జవాబు చెప్పే ప్రోగ్రామ్‌కు చేరాలి. దూరం మూరెడు కూడా ఉండదు. అయినా ఇంత వేళాపాళా పాటించాల్సిన పని కంప్యూటర్‌లో మరొకటి అరుదు.

వెబ్ పేజీ అర సెకను ఆలస్యంగా వచ్చినా ఎవరూ పట్టించుకోరు. ఫైలు కాపీ అవుతూ కాసేపు ఆగినా చివరికి పూర్తయితే చాలు. మాట అలా కాదు, ఆలస్యంగా వచ్చిన అక్షరం రానట్టే. ఇలాంటి కార్డులను నడిపే ప్రోగ్రామ్‌లను, అంటే టెలిఫోన్ డ్రైవర్లను, రాసేవాళ్లు ముందుగా తెలుసుకునే సంగతి ఇదే: ప్రాసెసర్ ఎంత వేగంగా ఉన్నా, వేళ తప్పిందంటే ఆ వేగం అక్కరకు రాదు.

అంకెలు చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. టెలిఫోన్‌లో గొంతును దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపిస్తారు. దాన్ని పట్టుకోవడానికి సెకనుకు 8000 సార్లు కొలిస్తే సరిపోతుంది. ఒక్కో కొలత ఒక బైటు. మెల్లని శబ్దాలకు సన్నటి మెట్లు, పెద్ద శబ్దాలకు వెడల్పాటి మెట్లు వేసి ఆ బైటులో ఇముడుస్తారు. మన దేశంలోనూ ఐరోపాలోనూ వాడే మెట్ల పట్టిక పేరు ఎ-లా, అమెరికా, జపాన్లలో వాడేది మ్యూ-లా. ఏదైనా లెక్క ఒకటే: ఒక మాటల ప్రవాహానికి సెకనుకు 64,000 బిట్లు.

ఆఫీసులు తీసుకునే పీఆర్‌ఐ లైన్ ఇలాంటి 32 ప్రవాహాలను ఒకే లైన్ మీద మోస్తుంది. మొత్తం సెకనుకు 2.048 మెగాబిట్లు. దీన్నే ఇంజనీర్లు ఈ1 అంటారు. ప్రతి 125 మైక్రోసెకన్లకు ఒక ఫ్రేమ్, ఫ్రేమ్‌లో ఒక్కో ప్రవాహానికి ఒక్కో బైటు. మొదటి బైటు ఫ్రేమ్ ఎక్కడ మొదలైందో చెప్పడానికి. సున్నా నుంచి లెక్కిస్తే 16వ ప్రవాహం ఎవరు ఎవరికి ఫోన్ చేస్తున్నారు, ఎవరు ఎత్తారు, ఎవరు పెట్టేశారు అన్న కబుర్ల కోసం. మిగిలిన 30 మనుషుల మాటలకు.

1990ల చివరిదాకా ఈ ప్రవాహాలను కంప్యూటర్‌లోకి తేవాలంటే ఖరీదైన కార్డులు కావాలి. వాటి మీద ప్రత్యేకమైన సిగ్నల్ ప్రాసెసర్లు ఉండేవి, కష్టమైన లెక్కలన్నీ అవే చేసేవి. జిమ్ డిక్సన్ అనే అమెరికన్ ఇంజనీరుకు వేరే ఆలోచన వచ్చింది. మామూలు పీసీ ప్రాసెసర్ ఇప్పుడు ఎంతో వేగం పుంజుకుంది కదా, ఆ లెక్కలు దానికే అప్పగిస్తే? కార్డు మీద బైట్లను లోపలికి తెచ్చి బయటికి పంపే చిప్పులు మాత్రం ఉంటే చాలు. అలా ఆయన టోర్మెంటా అనే కార్డు తయారుచేసి, దాని నమూనాను అందరికీ పంచిపెట్టాడు. మెక్సికో విప్లవకారుడు ఎమిలియానో జపాటా మీద గౌరవంతో ఆ ప్రయత్నానికి జపాటా అని పేరు పెట్టాడు. అదే కాలంలో, 1999లో, మార్క్ స్పెన్సర్ అనే యువకుడు తన చిన్న కంపెనీకి టెలిఫోన్ ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక, సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాడు. దాని పేరు ఆస్టరిస్క్. ఈ రెండూ కలిశాయి. కార్డుకూ ఆస్టరిస్క్‌కూ నడుమ కెర్నల్‌లో నిలబడే భాగాన్ని మొదట జాప్‌టెల్ అనేవారు. ఆ పేరు మీద వేరొకరికి హక్కు ఉండటంతో 2008లో దాన్ని డాహ్‌డీగా మార్చారు.

డిక్సన్ ఆలోచనలోని గొప్పతనం నాకు ధరలో కన్నా ధైర్యంలో ఎక్కువ కనిపిస్తుంది. వేళ తప్పకుండా ఉండటం ప్రత్యేక హార్డ్‌వేర్ పని అని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఆ బాధ్యతను ఆయన పది పనులు చేసే సాధారణ కెర్నల్ భుజాల మీద పెట్టాడు.

ఆ బాధ్యత ఇంటరప్ట్‌తో మొదలవుతుంది. చేతిలో పని ఆపి నా సంగతి చూడు అని హార్డ్‌వేర్ ప్రాసెసర్‌కు పెట్టే పిలుపే ఇంటరప్ట్. ప్రతి ఫ్రేమ్‌కూ పిలిస్తే సెకనుకు 8000 పిలుపులవుతాయి, ప్రాసెసర్‌కు ఊపిరాడదు. మరీ అరుదుగా పిలిస్తే మాట ఆలస్యమవుతుంది. డిక్సన్, స్పెన్సర్లు నడిమి దారి పట్టారు: ఒక్కో ప్రవాహానికి 8 బైట్లు పోగవగానే ఒక పిలుపు. అంటే మిల్లీసెకనుకు ఒకటి, సెకనుకు సరిగ్గా వెయ్యి. లైన్ మీద ఎవరూ మాట్లాడకపోయినా, అర్ధరాత్రి ఆఫీసు ఖాళీగా ఉన్నా ఆ వెయ్యి ఆగవు. ఫోన్ లైన్‌లో నిశ్శబ్దం కూడా బైట్లుగానే వస్తుంది మరి.

పిలుపు అందేసరికి బైట్లు మెమరీలో సిద్ధంగా ఉంటాయి. కార్డే ప్రాసెసర్‌ను అడగకుండా వాటిని అక్కడ రాసిపెడుతుంది. ఈ పద్ధతినే డీఎంఏ అంటారు. పంచాయతీ కుళాయి కింద రెండు బిందెలు మార్చి మార్చి పెట్టే ఇల్లాలికి ఈ ఏర్పాటు వివరించనక్కర్లేదు. ఒకటి నిండుతుంటే రెండోదాన్ని లోపల పోసి రావాలి. కుళాయి ఆగదు కాబట్టి, మొదటిది పొర్లేలోగా ఖాళీ బిందెతో తిరిగి రావాలి. డ్రైవర్ చేసేదీ అదే. బఫర్‌లో ఒక సగాన్ని కార్డు నింపుతుండగా రెండో సగాన్ని డ్రైవర్ ఖాళీ చేస్తుంది. ఒక ఈ1 లైన్‌కు ఆ సగం 256 బైట్లు. బయటికి వెళ్లాల్సిన మాటలకూ ఇలాంటి జతే మరొకటి ఉంటుంది.

డ్రైవర్‌కు తన కార్డు గుణగణాలు మాత్రమే తెలుసు: ఏ రిజిస్టర్‌లో ఏముంది, ఏ చిప్పును ఎలా నిద్రలేపాలి. కాల్ అంటే ఏమిటో దానికి తెలియదు. అది తెలిసింది కెర్నల్‌లోనే ఉన్న డాహ్‌డీ మూల భాగానికి. కార్డును గుర్తించగానే డ్రైవర్ ఆ మూల భాగం దగ్గర నమోదు చేసుకుంటుంది. నా దగ్గర ఇన్ని లైన్లున్నాయి, లైన్ తెరవాలంటే ఈ ఫంక్షన్ పిలువు, మూయాలంటే ఇది, గంట మోగించాలంటే ఇది అని ఒక పట్టిక అప్పజెబుతుంది. ఆ తర్వాత ప్రతి మిల్లీసెకనుకూ డ్రైవర్ మూల భాగంలోని రెండు ఫంక్షన్లను పిలుస్తుంది: ఒకటి వచ్చినవి తీసుకోమని, రెండోది పంపాల్సినవి ఇవ్వమని. కార్డు ఏ కంపెనీదైనా ఈ ఒడంబడిక మారదు. అందుకే కార్డు మార్చినా ఆస్టరిస్క్‌ను మార్చాల్సిన పని ఉండదు.

అసలు చిక్కు ఆలస్యం దగ్గరుంది. 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు మిల్లీసెకను అంటే 10 లక్షల గడియార టిక్కులు. 256 బైట్లకు అది బోలెడు సమయం. కానీ ఆ సమయం దొరకాలంటే ముందు తన వంతు రావాలి. పాత ఐడీఈ హార్డ్‌డిస్కులు డీఎంఏ లేకుండా నడిచినప్పుడు, డేటా లాగినంతసేపూ వాటి డ్రైవర్ మిగతా ఇంటరప్టులను ఆపి ఉంచేది. కొన్ని మదర్‌బోర్డుల్లో టెలిఫోన్ కార్డూ యూఎస్‌బీ కంట్రోలరూ ఒకే ఇంటరప్ట్ తీగను పంచుకునేవి. ఒక్క పిలుపు తప్పితే ఒక్కో ప్రవాహంలో 8 బైట్లు గల్లంతు. మాట్లాడేవాళ్ల చెవికి అది ఒక చిన్న టిక్ శబ్దం. ఫ్యాక్స్‌కు మాత్రం చావుదెబ్బ.

ఇంకా పెద్ద నష్టం 16వ ప్రవాహంలో. అక్కడి కబుర్లు హెచ్‌డీఎల్‌సీ అనే పొట్లాలుగా వస్తాయి, ప్రతి పొట్లం చివరా సరిచూసుకునే సంఖ్య ఒకటి. మధ్యలో 8 బైట్లు పోతే లెక్క తప్పి పొట్లం మొత్తం చెల్లదు. అప్పుడు లాగ్‌లో "హెచ్‌డీఎల్‌సీ బ్యాడ్ ఎఫ్‌సీఎస్" అన్న వరస మొదలవుతుంది. ఆస్టరిస్క్ సర్వర్లు నడిపినవాళ్లలో ఈ మాట చూసి కంగారు పడనివారు తక్కువ. ఇది ముదిరితే ఆ లైన్ మీది 30 మాటల మార్గాలూ పనికిరాకుండా పోతాయి. ఒక్కోసారి వైద్యం చాలా సులువు: కార్డు తీసి పక్క స్లాట్‌లో పెట్టడం. ముందు జబ్బు కనిపెట్టడానికి ఒక చిన్న పరీక్ష ప్రోగ్రామ్ ఉంది. కార్డు నుంచి 8192 బైట్లు చదివి, కంప్యూటర్ గడియారం ప్రకారం 1.024 సెకన్లు పట్టిందా లేదా అని చూస్తుంది. ఫలితం 99.98 శాతం కన్నా తగ్గితే ఎక్కడో పిలుపులు జారిపోతున్నట్టే. నూటికి 99 అంటే పరీక్షలో గొప్ప మార్కే కావచ్చు, ఇక్కడ మాత్రం సెకనుకు 10 పిలుపులు పోయినట్టు.

ఆ మిల్లీసెకనులోనే కెర్నల్ చేసే అతి బరువైన పని ప్రతిధ్వని తొలగించడం. రెండు తీగల ల్యాండ్‌లైన్ నాలుగు తీగల వ్యవస్థతో కలిసే చోట మన మాట కొంత వెనక్కి తిరిగొస్తుంది. దాన్ని తీసేయాలంటే, మనం పంపిన పాత మాటలో ఎంత భాగం ఎంత ఆలస్యంగా తిరిగొస్తోందో నిరంతరం అంచనా వేస్తూ, వచ్చే మాటలోంచి తీసివేస్తూ ఉండాలి. 16 మిల్లీసెకన్ల ప్రతిధ్వనికి ప్రతి కొలతకూ 128 గుణకారాలు, అంచనా దిద్దుకోవడానికి ఇంకో 128. నాలుగు ఈ1 లైన్ల కార్డులో 120 మాటలకూ కలిపితే సెకనుకు దాదాపు 24.6 కోట్లు. పైగా ఈ లెక్కలు పూర్ణాంకాలతోనే చేయాలి. దశాంశ లెక్కల రిజిస్టర్లలో ఏదో ఒక ప్రోగ్రామ్ తాలూకు సంఖ్యలు ఉంటాయి. వాటిని దాచి, పని అయ్యాక తిరిగి పెట్టడానికి సమయం పడుతుంది కనుక కెర్నల్ వాటి జోలికి సాధారణంగా పోదు. ఈ పరిమితుల్లోనే ఆస్ట్రేలియా ఇంజనీరు డేవిడ్ రో రాసిన ఓస్లెక్ అనే తొలగింపు పద్ధతి ఎంత బాగా కుదిరిందంటే, అధికారిక లినక్స్ కెర్నల్‌లోకి కూడా చేరింది. డాహ్‌డీ మాత్రం ఇప్పటికీ బయటే ఉండిపోయింది.

ఇప్పుడు మన "ఒకటి" ప్రోగ్రామ్‌ను చేరాలి. కెర్నల్ ప్రతి మాటల మార్గాన్నీ ఒక ఫైలుగా చూపిస్తుంది. ఆస్టరిస్క్ దాన్ని మామూలు ఫైలు లాగే తెరిచి చదువుతుంది, రాస్తుంది. అయితే మిల్లీసెకనుకోసారి కాదు. కెర్నల్ 20 మిల్లీసెకన్ల మాటను, అంటే 160 బైట్లను పోగేసి ఒకేసారి ఇస్తుంది. లేకుంటే 30 కాల్స్‌కు ఆస్టరిస్క్‌ను సెకనుకు 30,000 సార్లు లేపాల్సి వచ్చేది. ఇప్పుడు 1500తో సరిపోతుంది. అందిన బైట్లలో 697, 1209 ఉన్నాయా అని గొర్ట్‌జెల్ అనే గణిత పద్ధతిలో 102 కొలతలకోసారి వెతికి, ఉంటే ఒకటి నొక్కారని ఆస్టరిస్క్ తేల్చుకుంటుంది.

మాట కాని సంగతులు కూడా ఉంటాయి: గంట మోగింది, ఫోన్ ఎత్తారు, లైన్ తెగింది. వాటిని మాటల బైట్లలో కలపలేరు. అలాంటిది జరిగితే కెర్నల్ ఆ ఫైలు మీద అత్యవసరం అన్న గుర్తు పెడుతుంది. ప్రోగ్రామ్ ఆగి, ఏమైందని ఐఓకంట్రోల్ అనే వేరే దారిలో అడిగి తెలుసుకుంటుంది. గంట మోగించు, ఫోన్ పెట్టేయి వంటి ఆజ్ఞలూ ఆ దారిలోనే వెళతాయి. పరికరాలన్నిటినీ ఫైళ్లుగా చూసే ఈ పద్ధతి యూనిక్స్‌ది. ఆ యూనిక్స్ 1969లో మొదలైంది ఒక టెలిఫోన్ కంపెనీకి చెందిన బెల్ లేబొరేటరీస్‌లోనే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా గడియారం తేడాపడితే కష్టమే. ఎక్స్ఛేంజి తన గడియారం ప్రకారం బైట్లు పంపుతుంది. కార్డు తన సొంత స్ఫటికాన్ని నమ్ముకుందనీ, అది 10 లక్షలకు 50 వంతుల తేడాతో ఉందనీ అనుకుందాం. రెండున్నర సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ ఎక్కువో తక్కువో అవుతుంది. అందుకే కాన్ఫిగరేషన్ ఫైల్లో లైన్ వివరాల పక్కన ఒక అంకె ఉంటుంది: ఒకటి అని రాస్తే గడియారం ఎక్స్ఛేంజి నుంచి తీసుకో అని అర్థం. అప్పటినుంచి ఆ కంప్యూటర్‌లో టెలిఫోన్ పనులన్నిటికీ తాళం వేసేది ఊరవతలి ఎక్స్ఛేంజే.

మన చేతుల్లోని మొబైల్ దారి వేరు. అందులో ఆండ్రాయిడ్ నడిచే ప్రాసెసర్ ఒకటి, టవర్‌తో మాట్లాడే బేస్‌బ్యాండ్ ఒకటి. బేస్‌బ్యాండ్‌లో దాని సొంత ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. కెర్నల్ డ్రైవర్ రెండింటి మధ్య సందేశాలు మోస్తుంది. యూఎస్‌బీ మోడెమ్‌లలో ఆ సందేశాలు చాలావరకు 1981 నాటి హేస్ స్మార్ట్‌మోడెమ్ ఆజ్ఞల వారసత్వమే. 2021లో వచ్చిన లినక్స్ 5.13లో మొబైల్ మోడెమ్‌ల కోసం ఒక ఉమ్మడి పద్ధతి ఏర్పాటు చేశారు. చాలా ఫోన్లలో గొంతు మాత్రం కెర్నల్ చేతుల్లోకి రాదు. మోడెమ్ నుంచి ఆడియో చిప్పుకు నేరుగా పోతుంది, దారి తెరవమని చెప్పడం వరకే కెర్నల్ పని. బేస్‌బ్యాండ్ లోపలి ప్రోగ్రామ్‌ను తయారీదారులు బయటపెట్టరు. ఇది నాకు లోటుగానే అనిపిస్తుంది.

డాహ్‌డీ మూలం అలా కాదు, ఎవరైనా చదవవచ్చు. 8 బైట్లు చేతులు మారే చోటు చూడాలనుకునే ఇంజనీరింగ్ విద్యార్థులకు కార్డు కూడా అక్కర్లేదు. రెండు ఉత్తుత్తి లైన్లను ఒకదానికొకటి తగిలించే లోకల్ డ్రైవర్ అందులోనే ఉంది. కార్డు లేనప్పుడు గడియారం పని కెర్నల్ టైమర్ చూసుకుంటుంది.