నా కథ లింక్ ఎక్కడ్రా?

పోయిన సెమిస్టర్‌లో మన ఇ-మ్యాగజైన్ పేజీ డిజైన్ నాకు అప్పగించారు. నేను ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ కదా, కథలూ కవితలూ నా వల్ల కాదు, కోడ్ అయితే రాస్తానని నేనే చెయ్యెత్తాను. లింకుల కింద గీతలు పాత సైట్లలాగా అనిపించాయి. సీఎస్‌ఎస్‌లో ఒక్క లైన్‌తో అన్నీ తీసేసి, లింకులకు మెరూన్ రంగు వేశాను. మిగతా అక్షరాలు నలుపు. చూడ్డానికి భలే ఉంది.

ఆ రాత్రే రూమ్మేట్ అడిగాడు. "ఒరేయ్, నా కథ లింక్ ఎక్కడ్రా?"

"ముందుమాటలోనే ఉంది కదరా, ఎర్రగా."

"ఎరుపా? నాకంతా నలుపే కనిపిస్తోంది."

వాడికి ఎరుపు సరిగ్గా కనిపించదని నాకు అప్పుడే తెలిసింది. వాడి మొదటి కథ అది. దాన్ని వాడే తెరవలేకపోయాడు.

తర్వాత కూర్చుని లెక్క చూశాను. తెల్లటి పేజీ మీద నా మెరూన్ కాంట్రాస్ట్ దాదాపు 11:1, అంటే చదవడానికి ఢోకా లేదు. కానీ పక్కనున్న నల్ల అక్షరాలతో పోలిస్తే 1.9:1 మాత్రమే. గీత లేకుండా రంగుతోనే లింక్ చూపించాలంటే కనీసం 3:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ చెబుతాయి. పైగా మౌస్ పెట్టగానే గీతలాంటి గుర్తు ఇంకోటి కనబడాలి. మనలో చాలామంది చదివేది ఫోన్‌లో. అక్కడ మౌస్ ఏదీ? అందుకే పేరాల మధ్యలో వచ్చే లింకులకు గీతే మేలు.

తెలుగులో ఇంకో చిక్కుంది. ఇంగ్లీష్‌లో గీతకి అడ్డొచ్చేవి జి, వై లాంటి కొన్ని అక్షరాల తోకలే. మనకి వత్తులున్నాయి. 'రాష్ట్రం' కింద గీత పెడితే, వత్తులు తగలకుండా బ్రౌజర్ దాన్ని ముక్కలు చేస్తుంది, లేదా గీత వత్తుల మీదుగానే పోతుంది. అండర్‌లైన్ ఆఫ్‌సెట్ అనే ప్రాపర్టీతో గీతని కాస్త కిందకి జరిపి, లైన్ల మధ్య ఖాళీ పెంచితే సరిపోయింది.

నేను చేసిన రెండో తప్పు ట్యాగ్ క్లౌడ్. ఎక్కువ రచనలున్న అంశం పేరు పెద్ద అక్షరాల్లో, తక్కువున్నది చిన్న అక్షరాల్లో కనిపించే గుంపు అది. ఫోటోల సైట్ ఫ్లికర్ వల్ల 2000ల మధ్యలో బాగా పాపులర్ అయింది. కానీ 'ప్రేమ' మీద ఎక్కువ కవితలున్నా, పొడుగ్గా ఉన్న 'ఆత్మవిశ్వాసం' ముందు అది చిన్నగానే కనిపిస్తుంది. అక్షరం సైజు రెట్టింపు చేస్తే, పదం ఆక్రమించే చోటు నాలుగింతలవుతుంది. అంటే కన్ను వేసే లెక్క తప్పుతుంది. ఇక చిన్న అక్షరాల లింక్‌ని ఫోన్‌లో వేలితో నొక్కడం ఇంకో పరీక్ష. అది తీసేసి అకారాది క్రమంలో మామూలు లిస్ట్ పెట్టాను, పక్కన రచనల సంఖ్యతో.

ఇప్పుడు పేజీ కొంచెం సాదాగా ఉంది, ఒప్పుకుంటాను. మీరూ మీ ప్రాజెక్ట్ పేజీని ఒకసారి ఫోన్‌లో గ్రేస్కేల్ పెట్టి చూడండి. లింకులు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తే, గీతలు వెనక్కి తెచ్చేయండి.

మావాడు మర్నాడే తన కథ వాళ్ళమ్మకి పంపాడు. ఆవిడ మొత్తం చదివి, చివర్లో అమ్మ పాత్ర తననేనా అని ఫోన్ చేసి అడిగారట.