తిరిగే రాళ్లు చెప్పే వంశ చరిత్ర

ఆకాశాల సృష్టి గురించి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ మనకు పదేపదే గుర్తుచేస్తుంది. మన హైదరాబాద్‌లో ఆ ఆలోచనకు దారి వేసినవారు ఒక దాత. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి, 1901లో నిజామియా వేధశాలకు పునాది వేశారు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. తర్వాత అది బేగంపేటకు మారి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. 1944లో డైరెక్టరైన అక్బర్ అలీ కాలంలో అక్కడ నక్షత్రాల వెలుగులోని హెచ్చుతగ్గులను ఫొటోఎలక్ట్రిక్ పరికరంతో కొలిచే పని మొదలైంది.

వెలుగును కొలిస్తే ఏమొస్తుందని పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. గ్రహశకలాల కథ దానికి మంచి జవాబు.

అంగారకుడికీ గురుడికీ మధ్య లక్షలాది రాళ్లు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. వాటిలో కొన్ని గుంపుల కక్ష్యలు ఒకేలా ఉన్నాయని 1918లో జపాన్ శాస్త్రవేత్త కియొత్సుగు హిరయామా గుర్తించారు. ఒక పెద్ద రాయి మరోదానితో ఢీకొని పగిలితే ఏర్పడిన ముక్కలివి. అందుకే వాటిని కుటుంబాలన్నారు. కొరోనిస్ అలాంటి ఒక కుటుంబం.

కక్ష్యను బట్టి చుట్టరికం తెలుస్తుంది. పగిలిన తర్వాత ఏం జరిగిందో తెలియాలంటే ఆకారం, తిరిగే తీరు చూడాలి. కానీ దూరదర్శినిలో గ్రహశకలం చాలావరకు చిన్న చుక్కలాగే కనిపిస్తుంది. మరి ఎలా?

శామీర్‌పేట వైపు దొరికే పొడుగాటి రాయి ఒకటి తెచ్చి, మధ్యలో దారం కట్టి వేలాడదీసి, చీకటి గదిలో టార్చి వేసి తిప్పండి. వెడల్పు వైపు మనకేసి తిరిగినప్పుడు వెలుగు ఎక్కువ, కొన తిరిగినప్పుడు తక్కువ. ఒక చుట్టులో రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. దీన్నిబట్టి ఎంతసేపట్లో ఒక చుట్టు తిరుగుతుందో, ఎంత పొడుగాటిదో అంచనా వేయవచ్చు. కొన్నేళ్లపాటు వేర్వేరు కోణాల నుంచి కొలిస్తే అక్షం ఎటు వాలి ఉందో కూడా తెలుస్తుంది.

కొరోనిస్ కుటుంబంలోని ఇడాను 1993లో గెలీలియో నౌక దగ్గర నుంచి ఫొటో తీసింది. సుమారు 60 కిలోమీటర్ల పొడవు, ఒళ్లంతా గుంటలు. 4 గంటల 38 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది.

ఢీకొన్న దెబ్బకు ముక్కలు ఎటుపడితే అటు వాలి తిరగాలి. 2002లో స్టీఫెన్ స్లివాన్ కొరోనిస్ రాళ్లు పదింటిని పరిశీలిస్తే అవి రెండు జట్లుగా తేలాయి. నాలుగు ఒక దిశలో, దాదాపు ఒకే వాలుతో, ఒకే రకం వేగంతో తిరుగుతున్నాయి. ఇడాతో సహా ఆరు వ్యతిరేక దిశలో తిరుగుతున్నాయి. దీనికి కారణాన్ని మరుసటి ఏడాది ఇతర శాస్త్రవేత్తలు వివరించారు. ఎండకు వేడెక్కిన రాయి ఆ వేడిని తిరిగి బయటికి వదులుతుంది. ఆకారం వంకరగా ఉంటే అది అన్ని వైపులా సమానంగా పోదు. దాంతో రాయి మీద చాలా చిన్న తోపు పడుతుంది. ఆ తోపే, శనిగ్రహ ఆకర్షణ కూడా కలిసి, 200–300 కోట్ల ఏళ్లలో ఈ రాళ్లను ఇలా సర్దింది. ఒక్క దెబ్బ వాటిని విడగొట్టింది. ఆగకుండా పడిన చిన్న తోపు వాటి నడకనే మార్చింది.

మేడ్చల్ పరిసరాల్లో మన పిల్లలు కొందరు పదో తరగతి తర్వాత సైన్సు వదిలేస్తున్నారు. ఫీజు భారం ఒక కారణం. చేత్తో ప్రయోగం చేసే అవకాశం లేకపోవడం మరో కారణం. జకాత్ దాని హక్కుదారులకే చేరాలి, అందులో మార్పు మేము కోరడం లేదు. మీరిచ్చే సదఖాలో మాత్రం కొంత భాగం ప్రతి నెలా సైన్సు పరికరాలకు, చిన్న దూరదర్శినికి కేటాయించమని మనవి. మొత్తం చిన్నదైనా ఫరవాలేదు, ఆగకపోతే చాలు. నూరేళ్లు దాటినా జఫర్ జంగ్ పేరు చెప్పుకుంటున్నాం. సదఖయే జారియా అంటే ఇదే కదా. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.