ఒకే బాణలి, ఒకే దస్తర్‌ఖాన్

మన ప్రాంతంలో మగ్రిబ్ నమాజుకూ ఇషా నమాజుకూ మధ్య వ్యవధి దాదాపు గంటంబావు. పిల్లల ఖుర్ఆన్ పారాయణం, బడి పాఠాలు, పెద్దల యోగక్షేమాలు అన్నీ ఆ వ్యవధిలోనే జరగాలి. చాలా ఇళ్లలో గృహిణికి ఆ సమయమంతా వంటగదిలోనే గడిచిపోతుంది. ఒక పొయ్యి మీద అన్నం, మరో పొయ్యి మీద సాలన్, ఆ తర్వాత వేపుడు. అందరూ దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు ఆమె రొట్టెలు కాలుస్తూ ఉంటుంది. అందరూ లేచాక, చల్లారిన కూరతో ఒంటరిగా తింటుంది. దీనిని ఆమె సహనమని మెచ్చుకుంటూ వచ్చాము గాని, ఈ ఏర్పాటును మార్చే ఆలోచన చేసింది తక్కువ.

వారానికి రెండు రోజులైనా కోడిమాంసం, కూరగాయలు కలిపి ఒకే బాణలిలో వండుకుంటే ఆమె కూడా అందరితోపాటు వేడిగా తినగలుగుతుంది. మాంసంలో కూరగాయలు కలపడం లేమికి గుర్తు అనే భావన కొందరిలో ఉంది. మన దావతులలో గౌరవంగా వడ్డించే దాల్చాలో మాంసం, పప్పు, సొరకాయ కలిసే ఉడుకుతాయి కదా!

సహీహ్ బుఖారీలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. ఒక దర్జీ దైవప్రవక్త (స)ను భోజనానికి ఆహ్వానించి, బార్లీ రొట్టెతోపాటు సొరకాయ, ఎండుమాంసం వేసిన షోర్బా వడ్డించారు. ప్రవక్త మహనీయులు (స) పళ్లెంలో సొరకాయ ముక్కలను వెతికి తీసుకోవడం అనస్ (రజి) చూశారు. ఆనాటి నుంచి ఆయనకు కూడా సొరకాయ ప్రీతిపాత్రమైంది.

ఇక వంట సంగతి. అయిదుగురికి ముప్పావు కిలో ఎముకతో కూడిన కోడిమాంసం, రెండు బంగాళాదుంపలు, ఒక క్యారెట్, గుప్పెడు బీన్స్, పావు కిలో లేత సొరకాయ, రెండేసి ఉల్లిపాయలు, టమాటాలు చాలు. సొరకాయ చిన్న ముక్క రుచి చూడండి. చేదుగా ఉంటే మొత్తం పారవేయవలసిందే, ఆ చేదు విషతుల్యం. కూరగాయలు తరగడం పూర్తయ్యాకే మాంసం ముట్టాలి. పచ్చిమాంసం తగిలిన కత్తిని, పీటను సబ్బుతో కడగనిదే మరి దేనికీ వాడరాదు. అసర్ తర్వాత ముక్కలకు ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి ఫ్రిజ్‌లో ఉంచండి.

రుచి అంతా వేయించడంలోనే ఉంది. వెడల్పాటి మందమైన బాణలిలో మూడు చెంచాల నూనె బాగా కాగాక ముక్కలను ఒకదానిపై ఒకటి పడకుండా పరచండి. నాలుగైదు నిమిషాలు గరిటె పెట్టవద్దు. ఇరుకుగా కుక్కితే నీరు ఊరి, వేగవలసిన మాంసం ఉడికిపోతుంది. రెండు విడతలుగా వేయించడం మేలు. రెండువైపులా ఎర్రబడ్డాక పళ్లెంలోకి తీసి, అదే నూనెలో ఉల్లిపాయలు మగ్గించి, కారం, ధనియాల పొడి, టమాటా వేయండి. టమాటా నీరు వదిలినప్పుడు అడుగున అంటిన గోధుమరంగు పొరను గీకి కలపాలి. కూరకు సారమిచ్చేది ఆ పొరే. దానిని మాడుగా భావించి కడిగేయడం అన్యాయం!

తర్వాత బంగాళాదుంప, క్యారెట్, బీన్స్, తగినంత ఉప్పు, పావు కప్పు నీరు, పైన మాంసం. మూతపెట్టి సన్నని సెగపై పదిహేను నిమిషాలు, సొరకాయ వేశాక మరో పది నిమిషాలు. సొరకాయే నీరు వదులుతుంది, మళ్లీ పోయనక్కరలేదు. మందమైన ముక్కను చీల్చి చూస్తే లోపల గులాబీరంగు కనిపించకూడదు. జొన్నరొట్టెలోకి ఎంతో బాగుంటుంది. రొట్టెలు ముందే కాల్చి గుడ్డలో చుట్టి ఉంచుకోవచ్చు.

మూత పెట్టిన ఆ ఇరవై అయిదు నిమిషాలు పొయ్యి దగ్గర ఎవరూ నిలబడనక్కరలేదు. తల్లి పిల్లల పాఠం వినవచ్చు, లేదా ఊరికే కూర్చోవచ్చు. అదీ ఆమె హక్కే. కూరగాయలు తరిగే పని ఆడపిల్లలకే ఎందుకు? దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఇషాకు ముందే భోజనం ముగిస్తే కడగవలసింది ఒక్క బాణలి, కొన్ని పళ్లేలు. మసీదుకు వెళ్లేలోపు మగపిల్లలు ఆ పని సులభంగా ముగించగలరు.